మనిషికా, బండికా? థాయ్‌లాండ్ సాంగ్‌థేవ్‌లలో మా బేరాలు

థాయ్‌లాండ్ ఉత్తరాన ఉన్న చియాంగ్ మాయ్‌లో తిరిగే ఎర్ర బండ్లకు మీటరు ఉండదు, టికెట్ ఇవ్వరు. పికప్ వ్యాను వెనుక భాగానికి పైకప్పు వేసి, రెండు పక్కలా ఎదురెదురుగా పొడవాటి బల్లలు బిగిస్తారు. వీటిని సాంగ్‌థేవ్‌లు అంటారు. వెనుక మెట్టెక్కి, తల వంచి లోపలికి దూరాలి. పది మంది వరకు కూర్చోవచ్చు. బండి ఎటు పోవాలో ముందుగా ఎక్కినవాళ్ళను బట్టి తేలుతుంది. ఛార్జీ ఎంతన్నది మాత్రం మనం డ్రైవరుతో మొదట పలికే మాటను బట్టి తేలుతుంది. ఈ రెండో సంగతి మాకు అన్నయ్య పుణ్యమా అని మొదటి ఉదయమే తెలిసివచ్చింది.

వెళ్ళింది ముగ్గురం: అన్నయ్య, వదిన, నేను. అన్నయ్య బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. బేరమంటే అతనికి తగని చిరాకు. అడిగినంత ఇచ్చేసి ప్రశాంతంగా ఉందామంటాడు. వదిన ఇందుకు పూర్తిగా ఎదురు. కాకినాడ మెయిన్ రోడ్డులో ఒకరిద్దరు చీరల కొట్లవాళ్ళు ఆమె గుమ్మంలో కనబడగానే చివరి ధరతోనే మొదలుపెడతారు. 2023 నవంబరు నుంచి భారతీయులకు వీసా అక్కర్లేకుండా చేశాక మా వీధిలో సగం మంది బ్యాంకాక్, పట్టాయా ప్యాకేజీలకు వెళ్ళివచ్చారు. హోటలు గుమ్మం దగ్గర ఎక్కించుకుని మళ్ళీ ఆ గుమ్మం దగ్గరే దించే ఏసీ బస్సులో ఊరు చూడటం మా ఇద్దరికీ ఇష్టం లేకపోయింది. అన్నయ్య ఓటు ఒకటే కాబట్టి ఓడిపోయింది.

బ్యాంకాక్ నుంచి చియాంగ్ మాయ్‌కి రైలు దారి సుమారు 750 కిలోమీటర్లు. రాత్రి రైలు ఎక్కితే తెల్లారి దిగుతాం. స్టేషను ఊరికి తూర్పున ఉంది. పాత నగరం అక్కడికి మూడు కిలోమీటర్ల దాకా దూరం. మేం బయటికి రాగానే నలుగురైదుగురు డ్రైవర్లు ప్లాస్టిక్ అట్ట వేసిన పటాలు పట్టుకుని ఎదురొచ్చారు. అన్నయ్య పటం మీద మా గెస్ట్‌హౌస్ ఉన్న చోట వేలు పెట్టి, ఎంత అని అడిగాడు. డ్రైవరు మూడు వేళ్ళు చూపించాడు. మూడు వందల బాత్‌లు. అప్పటికి బాత్ విలువ రెండున్నర రూపాయల దగ్గర ఉంది. అంటే ఏడు వందల యాభై రూపాయలు. అన్నయ్య చెయ్యి అప్పుడే పర్సు దగ్గరికి వెళ్ళింది.

"అన్నయ్యా, ఒక్క నిమిషం ఆగు. రోడ్డు మీదికి వెళ్దాం" అన్నాను.

"ఈ పెట్టెలతో ఎక్కడికి నడుస్తాం?"

"అదిగో, ఆ గేటు దాకానే కదండీ" అని వదిన అప్పటికే తన పెట్టె లాక్కుంటూ బయల్దేరింది.

గేటు దాటి పెద్ద రోడ్డు మీద నిలబడ్డాం. ఊళ్ళోకి పోతున్న ఎర్ర బండి ఒకటి కనబడితే చెయ్యి ఊపాను. లోపల బడిపిల్లలు ఇద్దరు, కూరగాయల బుట్టతో ఒకావిడ ఉన్నారు. ఎడమవైపు కిటికీ దగ్గరికి వెళ్ళి "థా ఫే" అని మాత్రమే అన్నాను. పాత నగరానికి తూర్పు ద్వారం పేరు అది. మా గెస్ట్‌హౌస్ దానికి రెండు వీధుల అవతల. డ్రైవరు ఒక్క క్షణం ఆలోచించి తల ఊపాడు. దిగాక తొంభై బాత్‌లు ఇచ్చాను, మనిషికి ముప్పై లెక్కన. తీసుకుని వెళ్ళిపోయాడు. ఒక్క మాట లేదు.

స్టేషను లోపల ఉన్నవాడు మోసగాడు, రోడ్డు మీద దొరికినవాడు ధర్మాత్ముడు అని నేను అనను. స్టేషనులో అన్నయ్య అడిగింది బండి మొత్తం కిరాయి. ఆ డ్రైవరు చెప్పిందీ అదే. ఎంత అని అడగగానే, వీళ్ళకు బండి ప్రత్యేకంగా కావాలి అని వాళ్ళు అర్థం చేసుకుంటారు. దాన్ని అక్కడ 'మావ్' అంటారు, అంటే గంపగుత్త. రోడ్డు మీద నేను ధర అడగలేదు, ఊరి మనిషి లాగే చోటు పేరు చెప్పాను. కాకినాడ నుంచి సామర్లకోటకు షేర్ ఆటో ఎక్కే మనిషి ఎవరైనా ఎంత అని అడుగుతారా? అడిగితే ఆటో అతను పైనుంచి కింద దాకా ఒకసారి చూసి, స్పెషల్ కావాలా అంటాడు. విదేశంలో అడుగు పెట్టేసరికి మనం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలిసిన సూత్రాన్ని మరచిపోతాం, అంతే.

ఆ తర్వాతి రోజుల్లో ఊళ్ళో ఎక్కడికి వెళ్ళినా ఇదే పద్ధతి. ముందు, మన దిక్కుకే పోతున్న బండిని ఆపాలి. పాత నగరం చుట్టూ కందకం ఉంటుంది, దాని వెంబడి రోడ్డు ఒక వైపు ఒక దిక్కుకు, రెండో వైపు మరో దిక్కుకు పోతుంది. తప్పు వైపు నిలబడితే ఏ డ్రైవరూ ఒప్పుకోడు, ఒప్పుకుంటే ఎక్కువ అడుగుతాడు. కదులుతున్న బండిని, అందులోనూ లోపల ఒకరిద్దరు ఉన్నదాన్ని ఆపాలి. బండి పక్కన పెట్టుకుని కునుకు తీస్తున్న డ్రైవరు దగ్గరికి వెళ్తే అతను మన కోసమే నిద్ర లేస్తున్నాడు, ఆ నిద్ర ఖరీదు కూడా కలుపుతాడు. గెస్ట్‌హౌస్ పేరో, హోటలు పేరో చెప్పకుండా దాని దగ్గరున్న ద్వారం, బజారు, గుడి చెప్పాలి. వారోరోత్ మార్కెట్ అంటే అందరికీ తెలుసు. డ్రైవరు తల అడ్డంగా ఊపితే దాన్ని అవమానం అనుకోనక్కర్లేదు. లోపల ఉన్నవాళ్ళది వేరే దిక్కని అర్థం. వెనుకే ఇంకో బండి వస్తుంది.

అన్నయ్యకు నచ్చని విషయం ఒకటే, చుట్టు తిరుగుడు. మనల్ని ముందు దించుతాడో చివర దించుతాడో అతని ఇష్టం. ఒకసారి కిలోమీటరున్నర దూరానికి ఊరంతా చూపించాడు ఒక డ్రైవరు. వదిన మాత్రం ముప్పై బాత్‌లకు నగర దర్శనం అని సంతోషించింది. ఇంకోసారి దారిలో ఒక బౌద్ధ భిక్షువు ఎక్కారు. ఆడవాళ్ళు భిక్షువు పక్కన కూర్చోకూడదన్నది అక్కడి ఆచారం. ఎవరూ ఏమీ చెప్పకుండానే మా వరసలోని థాయ్ ఆడవాళ్ళు లేచి ఎదురు బల్ల మీదికి మారారు, మేమూ మారాం. అన్నయ్య ఒక్కడూ ఆయన పక్కన చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. దిగేవరకు ఛార్జీ గురించి గొణగలేదు.

అన్నీ ఇంత సాఫీగా సాగలేదు. ఒక రాత్రి నైట్ బజార్ నుంచి వస్తుంటే ఎక్కేటప్పుడు తల ఊపిన డ్రైవరు, దిగేటప్పుడు మనిషికి యాభై అన్నాడు. ఎందుకు అంటే దూరం అన్నాడు. మాతో పాటు ఎక్కి, మాకన్నా ముందుకు పోవాల్సిన థాయ్ అమ్మాయి లోపలి నుంచే ముప్పై బాత్‌లు మడిచి చేతిలో పట్టుకుని ఉంది. నేను ఆ చేతి వైపు చూపించాను. సరిగ్గా తొంభై లెక్కపెట్టి ఇచ్చి, ఖోప్ ఖున్ ఖా (థాయ్‌లో ధన్యవాదాలు) అని నవ్వి దిగాను. గొంతు పెంచలేదు. థాయ్‌లాండ్‌లో నలుగురిలో గొంతు పెంచినవాళ్ళే తప్పు చేసినట్టు లెక్క. అతను ఒక్క క్షణం నోట్ల వైపు చూసి, గేరు మార్చి వెళ్ళిపోయాడు. అయితే ఇలా చేయాలంటే చేతిలో చిల్లర ఉండి తీరాలి. అక్కడి ఏటీఎంలు ఎక్కువగా వెయ్యి బాత్‌ల నోట్లే ఇస్తాయి. ఆ నోటు ఇచ్చి తొంభై తీసుకోమంటే, మిగతా తొమ్మిది వందల పది ఎప్పుడు, ఎంత వస్తాయో డ్రైవరు దయ. అందుకే ప్రతి ఉదయం వదిన సెవెన్ ఇలెవెన్ దుకాణంలో ఒక నీళ్ళ సీసా కొని వెయ్యి నోటు మార్చేది. సీసాలు గదిలో వరసగా పేరుకున్నాయి.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. ఎక్కేటప్పుడు ఒప్పుకున్న డబ్బును దిగేటప్పుడు తగ్గించమని వాదించే మనవాళ్ళను కూడా చూశాను. హిందీ, గుజరాతీ, తెలుగు, అన్ని భాషల్లోనూ. బేరం ఎక్కకముందే ముగియాలి. దిగాక ఆడేది బేరం కాదు, దౌర్జన్యం. ఇండియా అనగానే కొందరు డ్రైవర్లు మొహం తిప్పుకోవడానికి ఇలాంటివే కారణమని నా అనుమానం.

మేం ముగ్గురం కాబట్టి ఇంకో లెక్క కూడా ఉండేది. థాయ్ ప్రభుత్వం 2021లో సొంత కార్లను యాప్ టాక్సీలుగా నడపడానికి అనుమతించింది. గ్రాబ్, బోల్ట్ అనే అలాంటి యాప్‌లు రెండూ చియాంగ్ మాయ్‌లో దొరుకుతాయి. ఒక్క మనిషికైతే ఎర్ర బండి ముప్పై బాత్‌లను ఏ యాప్ కారూ కొట్టలేదు. ముగ్గురికి తొంభై అయ్యేసరికి, ఏసీ కారు ఇంచుమించు అంతలోనే గుమ్మం దాకా వస్తుంది. అన్నయ్య ఈ లెక్క కనిపెట్టిన రోజు నుంచి ఫోను చేతిలో పట్టుకునే నడిచాడు. నాకు ఆ ఫోను వేరే రకంగా పనికొచ్చింది. ఎవరైనా డ్రైవరు కిరాయి చెబితే, ముందు యాప్‌లో ఆ దూరానికి ఎంత చూపిస్తుందో చూసేదాన్ని. అంతకన్నా ఎక్కువ ఇవ్వనక్కర్లేదని తెలిస్తే మనసు స్థిమితంగా ఉంటుంది, మాట కూడా నెమ్మదిగా వస్తుంది. అంకెలు కూడా ఫోనులోనే నొక్కి చూపించేదాన్ని. థాయ్ భాషలో పదిహేను 'సిప్ హా', యాభై 'హా సిప్'. ఇంజను మోతలో ఏది వినబడిందో ఎవరికి తెలుసు?

అసలైన బేరం దోయ్ సుథెప్ కొండకు వెళ్ళినప్పుడు జరిగింది. వెయ్యి మీటర్లకు పైన ఉన్న గుడి అది. ఊళ్ళో తిరిగే పద్ధతి ఇక్కడ పనికిరాదు. జూ ముందు, యూనివర్సిటీ ముందు, పాత నగరం ఉత్తర ద్వారమైన చాంగ్ ఫుయాక్ దగ్గర ఎర్ర బండ్లు వరసలో నిలబడి ఉంటాయి. నిండితేనే కదులుతాయి. మేం జూ దగ్గరికి వెళ్ళాం. బోర్డు మీద గుడికి ఒక ధర, ఇంకా పైన ఉన్న రాజభవనం తోటలకు ఒకటి, మోంగ్ తెగవారి ఊరికి ఇంకొకటి రాసి ఉన్నాయి. గుడికి, పైకి మాత్రం, పది మంది ఉంటే మనిషికి నలభై బాత్‌లు అన్నాడు డ్రైవరు.

అప్పటికి బండి దగ్గర ఉన్నది ఆరుగురం. మేం ముగ్గురం, స్పెయిన్ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు, పువ్వులు పట్టుకున్న ఒక థాయ్ ముసలావిడ. పావుగంట గడిచింది. ఎవరూ రాలేదు. డ్రైవరు వచ్చి, మనిషికి డెబ్బై ఇస్తే ఇప్పుడే బయల్దేరతానన్నాడు. స్పెయిన్ కుర్రాళ్ళు భగ్గుమన్నారు. ఇప్పుడే నలభై అన్నావు, మమ్మల్ని చూసి పెంచావు అని వాళ్ళ గొడవ. ఒకడు కోపంగా సంచి భుజాన వేసుకున్నాడు.

నేను వేళ్ళ మీద లెక్క వేశాను. పది మందికి నలభై చొప్పున నాలుగు వందలు. ఆరుగురికి డెబ్బై చొప్పున నాలుగు వందల ఇరవై. అతను ధర పెంచలేదు. కొండ మీదికి ఒక బండి పోవడానికి అతనికి నాలుగు వందలు రావాలి, అంతే. ఆ నాలుగు వందలను ఎంతమంది పంచుకుంటారన్నది మన సమస్య. అంటే ఇక్కడ బేరం ఆడాల్సింది డ్రైవరుతో కాదు, తోటి ప్రయాణికులతో.

ఫోనులో 400 అని నొక్కి డ్రైవరుకు చూపించాను. బండి మొత్తానికి ఇంతేనా అన్నట్టు చేత్తో బండిని చుట్టి చూపించాను. అతను నవ్వి తల ఊపాడు. తర్వాత దాన్నే స్పెయిన్ కుర్రాళ్ళకు చూపించాను. వాళ్ళు కాస్త చల్లబడ్డారు గానీ, ఒకడు యాభై కన్నా ఎక్కువ ఇవ్వనని మొండికేశాడు.

"యాభై అయితే ఎనిమిది మంది కావాలి వదినా. ఇంకా ఇద్దరు" అన్నాను.

"ఇద్దరే కదమ్మా, ఉండు" అని వదిన రోడ్డు దాటింది. జూ గేటు దగ్గర ఒక చైనా జంట టికెట్ల ధర చూసి తటపటాయిస్తున్నారు. వదినకు చైనా భాష రాదు, వాళ్ళకు తెలుగు రాదు. రెండు చేతులతో కొండ ఆకారం చూపించింది, దండం పెట్టింది, అయిదు వేళ్ళు చూపించింది, మా బండి వైపు చూపించింది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని ఆమె వెంట నడిచి వచ్చారు. ఎనిమిది మంది, యాభై చొప్పున, నాలుగు వందలు. థాయ్ ముసలావిడ కూడా యాభయ్యే ఇచ్చింది. నేను ప్రత్యేకంగా గమనించాను. డ్రైవరు వదినను చూసి ఏదో అని పగలబడి నవ్వాడు. మా లెక్క ప్రకారం, ఆమెకు ఉద్యోగం ఇస్తానని అని ఉంటాడు.

దారి మొదట్లో క్రూబా శ్రీవిచై విగ్రహం వస్తుంది. ఈ కొండ రోడ్డు వేయించిన భిక్షువు ఆయన. 1934 నవంబరులో మొదలుపెట్టి 1935 ఏప్రిల్‌కల్లా పూర్తి చేశారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వేలాది మంది స్వచ్ఛందంగా వచ్చి తవ్వారు. విగ్రహం దాటుతున్నప్పుడు డ్రైవరు స్టీరింగ్ మీది నుంచి ఒక చెయ్యి తీసి నమస్కరించాడు. జనం ఊరికే వచ్చి వేసిన రోడ్డు మీద మేం పది, ఇరవై బాత్‌ల కోసం అరగంట తగువు పెట్టుకున్నామే అని నాకు నవ్వొచ్చింది. పైకి పోయే మలుపుల్లో స్పెయిన్ కుర్రాడికి కడుపులో తిప్పితే వదిన తన సంచిలోంచి ఉసిరి ముక్కలు తీసి ఇచ్చింది.

రానూపోనూ కలిపి మాట్లాడుకోమని కొందరు చెబుతారు. మేం పైకి మాత్రమే మాట్లాడుకున్నాం. కిందికి దిగే జనం ఎక్కువ, అక్కడ బండి నిమిషాల్లో నిండుతుంది, పది మంది ధరకే దిగివచ్చాం. రానూపోనూ మాట్లాడుకుంటే పైన ఎంతసేపు ఆగుతాడో గడియారం చూపించి ఖాయం చేసుకోవాలి, మొత్తం డబ్బు కిందికి వచ్చాకే ఇవ్వాలి. పైనే మొత్తం చేతిలో పెట్టి, బండి కోసం వెతుక్కుంటున్న కుటుంబాన్ని ఆ పార్కింగులోనే చూశాం.

ఎరుపు కాకుండా వేరే రంగుల బండ్లూ ఉన్నాయి. తెల్లవి సాన్ కాంఫేంగ్ వైపు, పసుపువి మే రిమ్ వైపు, నీలివి లంఫూన్ వైపు, ఆకుపచ్చవి మే జో వైపు పోతాయి. ఇవి మన పల్లెటూరి బస్సుల్లా ఒకే దారిలో పోయి ఒకే దారిలో వస్తాయి. వీటిలో బేరమే లేదు. గొడుగులు చేసే ఊరు బో సాంగ్‌కు తెల్ల బండిలో వెళ్ళాం. పక్కావిడ ఎంత తీసిందో చూసి మేమూ అంతే తీశాం.

మేం సొంతంగా తిరిగిన ఇంకో ఊరు పట్టాయా. అక్కడ పద్ధతి ఇంకా తేలిక. ముదురు నీలం బండ్లు బీచ్ రోడ్డు మీద ఉత్తరం నుంచి దక్షిణానికి, సెకండ్ రోడ్డు మీద దక్షిణం నుంచి ఉత్తరానికి గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. చెయ్యి ఊపి ఎక్కాలి, ఎక్కడికి అని కూడా చెప్పకూడదు. దిగాల్సిన చోట పైకప్పుకున్న గంట నొక్కాలి, దిగి ముందు కిటికీ దగ్గరికి వెళ్ళి డబ్బు ఇవ్వాలి. మేం పది బాత్‌లు ఇచ్చేవాళ్ళం. మేం ఉన్నన్నాళ్ళూ అదే ఛార్జీ. అక్కడ మన ప్యాకేజీ బృందాలు రోడ్డు పక్కన ఆగి ఉన్న ఖాళీ బండ్ల దగ్గర రెండు వందలకా, నూట యాభైకా అని బేరమాడుతుంటే, అన్నయ్య వాళ్ళ పక్కనుంచే వెళ్ళి, కదులుతున్న బండి ఆపి, మెట్టెక్కి, వాళ్ళ వైపు చూసి చెయ్యి ఊపాడు. బేరం లేకుండా తక్కువ ధర దొరకడం అతని సిద్ధాంతాలకు సరిగ్గా సరిపోయింది.

ఈ తిరుగుడు రోడ్లు దాటితే మాత్రం మళ్ళీ మావ్ మొదలవుతుంది. జోమ్‌తియెన్ బీచ్ దగ్గర మా గది. పగలు సెకండ్ రోడ్డు దక్షిణపు కొసన జోమ్‌తియెన్ బండ్లు వరసలో ఉంటాయి, నాలుగైదు సీట్లు నిండితే బయల్దేరతాయి. ఒకరోజు బాగా పొద్దుపోయాక వచ్చేసరికి ఆ వరసలో ఒకే బండి ఉంది, జనం లేరు. డ్రైవరు మూడు వందలు అన్నాడు. యాప్‌లో కారు నూట ఎనభై చూపించింది గానీ, వచ్చేసరికి ఇరవై నిమిషాలు పడుతుందట. ఈలోపు ఒక తమిళ కుటుంబం నడుచుకుంటూ వచ్చింది, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. వాళ్ళదీ జోమ్‌తియెనే. వాళ్ళాయన డ్రైవరును ఎంత అని అడగబోతుంటే వదిన గబగబా వెళ్ళి ఆయన భార్య చెయ్యి పట్టుకుని ఆపింది. నేను ఫోనులో 200 నొక్కి డ్రైవరుకు చూపించాను. అతను 250 నొక్కాడు. నేను యాప్ తెర చూపించాను. ఒక్కసారి నిట్టూర్చి, ఎక్కమన్నాడు. చెరి వంద. పిల్లలు వదిన ఒళ్ళో తలలు పెట్టి నిద్రపోయారు, అన్నయ్య దిగాక డ్రైవరుకు మాకు తెలియకుండా ఇంకో యాభై ఇచ్చాడు. మర్నాడు పొద్దున టిఫిను దగ్గర వదిన చిల్లర లెక్కపెడుతున్నప్పుడు బయటపడింది.